జిరాక్స్ షాపులో మెలిపెట్టిన వెలుగు

బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో నేను ఒక్క రీడింగూ నిజంగా తీసుకోలేదు. న్యూటన్స్ రింగ్స్ గుర్తుందా? మైక్రోస్కోప్‌లో రింగులు లెక్కపెట్టి, వాటి వ్యాసాలు కొలిచి, సోడియం దీపం వెలుగు తరంగదైర్ఘ్యం కనుక్కోవాలి. మేమేం చేసేవాళ్లమంటే, జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు అని సీనియర్ల రికార్డులో ఎలాగూ ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు రాసేవాళ్లం. అనుమానం రాకుండా రెండు మూడు చోట్ల కాస్త అటూ ఇటూ చేసేవాళ్లం. 20కి 19 మార్కులు. ఆ ఒక్క మార్కూ చేతిరాతకి పోయింది.

ఆ పాపం ఈ దసరా సెలవుల్లో మా చెల్లి రూపంలో హైదరాబాద్ వచ్చింది.

తను ఎంఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. ఇంట్లో అందరం (నాతో సహా) "ఆ ఫిజిక్స్ పక్కన పెట్టి జావా నేర్చుకోవే" అని రెండేళ్లుగా చెబుతున్నాం. వినలేదు. వచ్చీ రాగానే బ్యాగ్ కింద పెట్టకుండానే అడిగింది. "అన్నయ్యా, నీకు పైథాన్ వచ్చు కదా. నాకొక బొమ్మ గీసి పెట్టాలి. దాంతో మెలి తిరిగిన వెలుగు తయారుచేయాలి."

ప్రాజెక్ట్ పేరు ఆర్బిటల్ యాంగులర్ మొమెంటమ్ ఉన్న కాంతి ఉత్పత్తి. పేరు చూసి నేను అక్కడే ఆగిపోయాను. మీరు ఆగిపోకండి, విషయం అంత కష్టమైంది కాదు.

మామూలు లేజర్ కిరణంలో అల శిఖరాలన్నీ కలిపి చూస్తే చదునైన పలకల్లా ఉంటాయి. ఒక పలక వెనక ఇంకో పలక, పేకముక్కల దొంతరలాగా ముందుకు కదులుతుంటాయి. మన ఇంటర్ పుస్తకంలో తరంగాగ్రం అన్నది దీన్నే. మెలి తిరిగిన వెలుగులో విడివిడి పలకలు ఉండవు. మినార్ లోపల గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే మెట్లు ఉంటాయి చూడండి, తరంగాగ్రం అలా ఉంటుంది. కిరణం మధ్య గీత చుట్టూ ఒక చుట్టు తిరిగితే సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం పైకెక్కుతాం. అది ఒక మెలిక. చుట్టుకు రెండు తరంగదైర్ఘ్యాలు ఎక్కితే రెండు మెలికలు. మెలిక కుడికీ ఉండొచ్చు, ఎడమకీ ఉండొచ్చు.

మరి నడిమధ్యలో ఏముంటుంది? అక్కడ అన్ని మెట్లూ ఒకే బిందువులో కలవాలి. శిఖరమూ అక్కడే, లోయా అక్కడే. ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలేది చీకటి. అందుకే ఈ కిరణం గోడ మీద పడితే చుక్కలా కనిపించదు, గారెలా కనిపిస్తుంది. మధ్యలో చిల్లు.

ఇంతకీ వెలుగే పాములా మెలికలు తిరుగుతూ వెళ్తుందని కొన్ని వీడియోల థంబ్‌నెయిళ్లలో చూపిస్తారు. అది తప్పు. మెలిక ఉన్నది తరంగాగ్రంలో. దాని వల్ల వెలుగు మోసుకెళ్లే శక్తి ప్రతి చోటా కొద్దిగా పక్కకు వాలుతుంది, చుట్టూ ఒకే దిశలో. ఆ చిన్న వాలే అసలు కథ. దాన్ని తర్వాత వాడుకుంటాం, గుర్తుంచుకోండి.

చిన్నప్పుడు సోషల్‌లో భూభ్రమణం, భూపరిభ్రమణం అని చదివాం కదా. తన చుట్టూ తాను తిరగడం ఒకటి, సూర్యుడి చుట్టూ తిరగడం ఇంకొకటి. వెలుగుకీ ఈ రెండూ ఉన్నాయి. మొదటిది స్పిన్. ఇందులో కుడి, ఎడమ అని రెండే రకాలు. దీని కథలో మనవాడొకరు ఉన్నారు. మాది నూజివీడు వైపు. విజయవాడ బస్సు ఆగిరిపల్లి మీదుగా పోతుంది, శోభనాచలం కొండ పక్కనుంచి. ఆ ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. 1931లో, అంటే 22 ఏళ్ల వయసులో, రామన్‌తో కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగ రుజువు అంటూ పేపర్ ప్రచురించారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్, ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టర్ అయ్యారు. ఆ దారిలో ఎన్నిసార్లు కిటికీ సీటు కోసం కొట్టుకున్నానో లెక్కలేదు. ఈ పేరు మాత్రం నాకు చెల్లి చెబితేనే తెలిసింది. వెలుగు ఇచ్చే ఆ మెలితిప్పును నేరుగా కొలిచింది 1936లో ప్రిన్‌స్టన్‌లో రిచర్డ్ బెత్. సన్నని క్వార్ట్జ్ దారానికి చిన్న పలక వేలాడదీసి, వెలుగు పడితే అది తిరుగుతుందని చూపించారు.

రెండోది, పరిభ్రమణం లాంటిది, ఆర్బిటల్. ఇది లేజర్ కిరణంలో స్పష్టంగా ఉంటుందని తేల్చడానికి 1992 వరకు పట్టింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో లెస్ అలెన్, హాన్ వూర్డ్‌మన్ వాళ్ల బృందం ఆ పని చేసింది. ఇక్కడ కుడి ఎడమలతో ఆగదు. 1 మెలిక, 2, 3, 10, ఎంతైనా. మెలికలు పెరిగిన కొద్దీ ఒక్కో ఫోటాన్ మోసే కోణీయ ద్రవ్యవేగం అన్ని రెట్లు పెరుగుతుంది. మూడేళ్లకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి గారె వెలుగులో సూక్ష్మమైన రేణువుల్ని పట్టి గిరగిరా తిప్పి చూపించారు. వెలుగుతో రెంచి తిప్పినట్టు.

సరే, తయారుచేయడం ఎలా? పద్ధతులు చాలానే ఉన్నాయి. గాజు పలకని గుండ్రటి మెట్టులా చెక్కొచ్చు. ఒక చుట్టు తిరిగేసరికి మందం పెరిగి, మొదలూ చివరా కలిసే చోట ఒక గట్టు వస్తుంది. మామూలు గాజుతో, ఎర్ర లేజర్‌కి, ఒక మెలిక కావాలంటే ఆ గట్టు ఎత్తు సుమారు 1.3 మైక్రాన్లు ఉండాలి. తల వెంట్రుక మందంలో యాభయ్యో వంతు అనుకోండి. ఇంట్లో అయ్యే పని కాదు. ప్రొజెక్టర్లలో ఉండే లాంటి లిక్విడ్ క్రిస్టల్ తెర వాడొచ్చు, కానీ దాని ధర లక్షల్లో. ఇటలీలోని నేపుల్స్ వాళ్లు 2006లో క్యూ-ప్లేట్ అని ఒకటి చేశారు, స్పిన్‌ని తీసుకుని మెలికగా మార్చేస్తుంది. దాని వెనకున్న సూత్రం 1956లో బెంగళూరులో పంచరత్నం అనే కుర్రాడు కనిపెట్టింది. రామన్ మేనల్లుడే.

మాకు అందేది మాత్రం 1990లో కీవ్‌లో బజెనోవ్, వాస్నెత్సోవ్, సోస్కిన్ వాడిన దారి. ఫోర్క్ హోలోగ్రామ్.

ఆలోచన ఇది. మామూలు లేజర్ కిరణం, మెలి తిరిగిన కిరణం కొంచెం వాలుగా కలిస్తే తెర మీద నల్ల, తెల్ల చారలు వస్తాయి. మెలిక ఉంది కాబట్టి మధ్యలో ఒక చార రెండుగా చీలుతుంది, ఫోర్కు చెంచాలాగా. ఆ చారల బొమ్మని ముందే కంప్యూటర్‌లో గీసేసి, పారదర్శకమైన షీటు మీద ముద్రించి, దాని గుండా మామూలు లేజర్ పంపితే? లెక్క వెనక్కి నడుస్తుంది. వెలుగు చీలి, మధ్యలో మామూలు చుక్క, దానికి ఒక పక్క కుడి మెలిక, ఇంకో పక్క ఎడమ మెలిక వస్తాయి. వెనక్కి నడిచే లెక్క అంటే నాకు ఎంత ఇష్టమో మీకు ముందే చెప్పాను.

కోడ్ 12 లైన్లు. టీ చల్లారేలోపు అయిపోయింది. చారకూ చారకూ మధ్య దూరం 0.17 మిల్లీమీటర్లు. 1200 డీపీఐ ప్రింటర్‌లో అది 8 చుక్కలు. ఆ ఊపులో నేను తన ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి ముందుమాట కూడా రాసిచ్చేశాను. "మెలికల సంఖ్యకు పరిమితి లేదు. కాబట్టి ఈ కాంతితో అనంతమైన డేటా పంపవచ్చు. రేపటి ఇంటర్నెట్ ఇదే." అదిరిపోయింది అనుకున్నా. తను చదివి ఏమీ అనలేదు. ఫోన్ పక్కన పెట్టేసింది.

అమీర్‌పేటలో కోర్సుల మెటీరియల్ ముద్రించే జిరాక్స్ షాపులు వరసగా ఉంటాయి. నాలుగో షాపులో దొరికింది. "ఓహెచ్‌పీ షీటా? ఇప్పుడెవరు వాడుతున్నరన్నా" అంటూ పైఅరలోంచి దుమ్ము ప్యాకెట్ దించాడు. షీటుకి 20 రూపాయలు.

మొదటి షీటు దండగ. లేజర్ కొడితే గోడ మీద ఎర్రటి మసక తప్ప ఏమీ లేదు. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూస్తే చారల అంచులు బూడిద రంగులో ఉన్నాయి. తప్పు నాదే. బొమ్మని సేవ్ చేసేటప్పుడు అంచులు నున్నగా కనబడాలని సాఫ్ట్‌వేర్ మధ్యలో బూడిద పిక్సెల్స్ చేర్చింది. ప్రింటర్‌కి బూడిద రంగు వేయడం రాదు కాబట్టి వాటిని చుక్కల గుంపులుగా మార్చింది. దానికి తోడు ఫిట్ టు పేజ్ టిక్ తీయలేదు, సైజే మారిపోయింది. నలుపు, తెలుపు తప్ప ఇంకేమీ లేకుండా మళ్లీ గీసి, అసలు సైజులోనే కొట్టించాం. ఇంకో 20.

రాత్రి పదిన్నరకి మా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో లైట్లు ఆర్పాం. ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 10 మీటర్లు. పిల్లలు ఆడుకునే ఎర్ర లేజర్ పాయింటర్‌ని పుస్తకాల దొంతర మీద పెట్టి, బటన్ నొక్కి ఉండేలా బట్టల క్లిప్పు బిగించాం. (ఇది మీరూ చేయాలనుకుంటే ఒక్క మాట. 5 మిల్లీవాట్ల లోపు పాయింటరే వాడండి. కిరణాన్ని కంటి ఎత్తులో పెట్టకండి, ఎదురుగా నిలబడి లోపలికి చూడకండి. ఆకుపచ్చ లేజర్లు అసలొద్దు, చాలావాటి మీద రాసిందొకటి, వచ్చేదొకటి.) లిఫ్ట్‌లోంచి దిగిన పక్క ఫ్లాట్ ఆంటీ "పిల్లిని ఆడిస్తున్నారా బాబూ?" అని అడిగి, జవాబు వినకుండా లోపలికెళ్లిపోయారు.

అసలు నరకం ఫోర్కుని సరిగ్గా కిరణం మధ్యలోకి తేవడం. కిరణం వెడల్పే రెండు మూడు మిల్లీమీటర్లు. షీటుని వెంట్రుకవాసి జరిపితే చిల్లు పక్కకి పోతుంది. 40 నిమిషాలు. మెడ పట్టేసింది. ఒక్కసారిగా, ఎదుటి గోడ మీద, మధ్య చుక్కకి రెండు పక్కలా 4 సెంటీమీటర్ల దూరంలో, రెండు గారెలు.

నిజంగా అరిచాను. ఫోటో తీసి స్టేటస్ పెట్టబోతుంటే చెల్లి నా చేయి పట్టుకుంది.

"అది మెలికే అని ఏంటి గ్యారంటీ?"

"మధ్యలో చీకటి కనబడుతోందిగా!"

"ఫోర్కు దగ్గర ఇంకు మరక ఉన్నా అక్కడ చీకటే కనబడొచ్చు. షీటు మీద గీతలు మామూలుగా ఉన్నచోటుకి జరిపి చూడు."

జరిపాను. చిల్లులు మాయం, మామూలు చుక్కలే. కానీ తనకి చాల్లేదు. మరక ఫోర్కు దగ్గరే ఉండొచ్చు కదా అంది. నిజమే మరి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు లెన్సుని కాస్త వంచి పెట్టి, గారెను చారలుగా విడదీసి మెలికలు లెక్కపెట్టే పద్ధతి ఒకటి 2013లో రాశారట. మా దగ్గర సరైన లెన్స్ లేదు. అప్పుడు తను నా పర్సులోంచి మెట్రో కార్డు లాగింది.

ఇందాక గుర్తుంచుకోమన్న వాలు ఇదిగో ఇక్కడ పనికొచ్చింది. కుడికి తిరిగే మెలికలో, కిరణం ఒక సగంలో వెలుగు కొద్దిగా పైకి వాలితే రెండో సగంలో కిందికి వాలుతుంది. కార్డుతో ఎడమ సగం మూసేస్తే ఒక రకం వాలు మాత్రమే మిగులుతుంది. కాబట్టి దూరంగా గోడ మీద గారె చెదిరి, మిగిలిన వెలుగు పైకో కిందికో జరగాలి. రెండో పక్కనున్న గారెలో మెలిక తిరగబడి ఉంటుంది కాబట్టి అది దీనికి ఎదురు దిశలో జరగాలి. మధ్య చుక్క పైకీ పోదు, కిందికీ పోదు. మరకకైతే కుడేదో ఎడమేదో తెలియదు, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది.

"కార్డు పెట్టేముందు చెప్పు, ఎడమ పక్కది ఎటు పోతుంది?" అంది. కాగితం మీద లెక్క వేశాను. పైకి.

పెట్టింది. ఎడమది కిందికి పోయింది, కుడిది పైకి.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "సర్లే, పైకి అని రాసెయ్. ఎవరు చూడొచ్చారు?" తొమ్మిదేళ్లయినా ఆ ల్యాబ్ నా ఒంట్లోంచి పోలేదు.

తను నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. నేలమీద కూర్చుని మళ్లీ లెక్క మొదలుపెట్టింది. షీటు వెనక్కి తిరిగి ఉందేమోనని అనుమానం. ముందువైపుని వెనకకి తిప్పి చూశాం. ఏమీ మారలేదు. ఎందుకు మారలేదో అర్థం కావడానికి ఇంకో అరగంట. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారితే మెలిక తిరగబడుతుంది, వెలుగు పోయే పక్కా తిరగబడుతుంది. రెండూ కలిసి కొట్టుకుపోతాయి. మరి ఏం మారితే మారుతుంది? ఫోన్‌తో ఫోర్కుని జూమ్ చేసింది. నేను గీసిన బొమ్మలో ఫోర్కు పళ్లు పైకి ఉన్నాయి. క్లిప్పుకి ఉన్న షీటులో కిందికి ఉన్నాయి. తలకిందులుగా తగిలించాను. సరిచేసి కార్డు పెడితే ఎడమది పైకి, కుడిది కిందికి. కార్డుని రెండో సగానికి మార్చితే రెండూ తారుమారు. ఒంటిగంట దాటింది. అది మరక కాదు. మా కారిడార్‌లో మెలి తిరిగిన వెలుగు ఉంది.

ఆ తర్వాత నా ముందుమాట సంగతి తేలింది. పొద్దున దోసెలు తింటూ ఫోన్ తీసి, "అనంతమైన డేటా" మీద వేలు పెట్టింది. "ఇది నిజమా?"

నేను వాదించాను. 2012లో కాలిఫోర్నియాలో అలన్ విల్నర్ బృందం మెలి తిరిగిన కిరణాలతో సెకనుకు 2.56 టెరాబిట్లు పంపింది కదా అన్నాను. పంపింది. ల్యాబ్‌లో, టేబుల్ మీద. మరుసటి ఏడాది 1.6 టెరాబిట్లు ఫైబర్‌లో పంపారు. ప్రత్యేకంగా తయారుచేసిన ఫైబర్‌లో, 1.1 కిలోమీటర్లు. మన వీధుల్లో వేసిన ఫైబర్‌లో ఈ మెలికలు నిలవవు. వియన్నాలో ఊరి మీదుగా 3 కిలోమీటర్లు, తర్వాత కెనరీ దీవుల్లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి 143 కిలోమీటర్లు పంపారు. అది నిజంగా గొప్ప పనే. కానీ అక్కడ వెళ్లింది ఒక చిన్న సందేశం, 8.33 శాతం తప్పులతో, అదీ అవతల న్యూరల్ నెట్‌వర్క్ కూర్చుని చదివితే. నా కోడ్‌లో అన్ని తప్పులొస్తే మా మేనేజర్ సాయంత్రానికి కాల్ పెడతారు.

గాలి వేడెక్కి కదిలితే మెలికలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. ఇంకో చిక్కు, మెలికలు పెరిగిన కొద్దీ గారె పెద్దదవుతుంది, దూరం పోయిన కొద్దీ ఇంకా పెద్దదవుతుంది. దాన్ని పూర్తిగా పట్టుకోవాలంటే అవతల అంత పెద్ద లెన్స్ ఉండాలి. లెన్స్ సైజుకి పరిమితి ఉన్నప్పుడు మెలికలకీ పరిమితి ఉన్నట్టే. రేడియో అలల విషయంలోనైతే 2012లోనే స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ ఇంజినీర్లు ఇద్దరు లెక్కకట్టి చెప్పారు, ఇది కొత్త ఖజానా కాదు, చాలా యాంటెన్నాలతో పంపే మైమో పద్ధతిలోనే ఒక భాగం అని. మీ వైఫై రూటర్ మీద కొమ్ముల్లా ఉండే యాంటెన్నాలు చేసేది ఆ మైమోనే.

"మరి దేనికి పనికొస్తుందని రాస్తావు?" అన్నాను, కొంచెం కోపంగానే.

"రేణువుల్ని తిప్పడానికి. ఒకే ఫోటాన్ మీద రెండు కంటే ఎక్కువ స్థితులు పెట్టే క్వాంటమ్ ప్రయోగాలకి. డేటాకి కూడా, ఇంత దూరం, ఇంత లెన్స్ అని చెప్పి రాస్తాను. అనంతం అని మాత్రం రాయను."

నేను రాసిన మూడు వాక్యాలూ కొట్టేసింది. మిగిలినవాటిలో నా పేరు కోడ్ కింద ఒక్కచోట ఉంది.

సెలవులు అయిపోయి వెళ్లేరోజు బస్సు కోసం చూస్తూ రికార్డు రాసుకుంటోంది. మా ఫోర్కు బొమ్మలో చారలు నలుపు సగం, తెలుపు సగం. అలా ఉంటే లెక్క ప్రకారం దాదాపు పదకొండున్నర సెంటీమీటర్ల దూరంలో ఇంకో గారె కూడా రావాలి, మూడు మెలికలతో, ఇంకొంచెం పెద్దది, మొదటిదాని వెలుగులో తొమ్మిదో వంతుతో.

"అన్నయ్యా, అది నీకు కనిపించిందా?"

ఆ రాత్రి నేను కనిపించిందనే అన్నాను. ఫోటోలన్నీ మళ్లీ తిరగేశాను. గోడ మీద ఆ చోట పెయింట్ పెచ్చు, దాని పక్కన ఏదో ఎరుపు. అది గారె అని అనుకుంటే గారె.

"తెలీదే" అన్నాను.

"కనిపించలేదు. నల్లటి తెర మీద మళ్లీ చూడాలి" అని రాసుకుని పెన్ను మూసింది. షీటు రెండు అట్టముక్కల మధ్య పెట్టి, మీద బాణం గుర్తు వేసింది, పైవైపు ఏదో తెలిసేలా.